కదురు వదిలిన మాట



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆ మేడమ్ దగ్గర నేను రెండేళ్లు ఆర్థిక చరిత్ర చదువుకున్నాను. సభల్లో తన పేరు పలికితే ఆమె ఇబ్బంది పడేవారు. ఆహ్వానపత్రం మీద ఆ పేరు ఎలాగూ ఉన్నది కనుక, ఆమెకు ఇష్టమైన మర్యాదనే ఈ సాయంత్రం పాటిస్తాను. తండ్రి పోయేనాటికి ఆమె ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఇంట్లో తల్లి, ముగ్గురు పిల్లలు. ఆమె పెళ్లి చేసుకోలేదు. పదవీ విరమణ సభలో ఒక వక్త ఆమెను త్యాగమూర్తి అని కీర్తించారు. జవాబు చెప్పడానికి లేచినప్పుడు ఆమె ఆ మాటను మృదువుగా పక్కకు జరిపి, తమ్ముళ్ల చదువులూ చెల్లెలి పెళ్లీ తన జీతంతో జరిగాయనీ, దాన్ని జీతమనే పిలవమనీ కోరారు. త్యాగానికీ జీతానికీ మధ్య ఆరోజు ఆమె గీసిన గీత చాలా ఏళ్లుగా నన్ను వెంటాడుతున్నది. ఈ ఉపన్యాసం ఆ గీత గురించే. అయితే దాన్ని మన దేశంలో కాక, ఇంగ్లండు ఉన్ని పరిశ్రమ చరిత్రలో, అక్కడి ఒక్క మాట చరిత్రలో వెతుకుతాను.

ఆ మాట స్పిన్‌స్టర్. ఇవాళ దానికి పెళ్లికాని స్త్రీ అని అర్థం. అందులోనూ పెళ్లీడు దాటిపోయిన స్త్రీ అన్న చిన్నచూపు ధ్వనిస్తుంది. మాట నిర్మాణం చూస్తే అందులో పెళ్లి ఊసే లేదు. స్పిన్ అంటే వడకడం. చివరనున్న ‘స్టర్’ పాత ఇంగ్లీషులో పనిచేసే స్త్రీని సూచించే ప్రత్యయం. నేసే ఆమె వెబ్‌స్టర్, బీరు కాచే ఆమె బ్రూస్టర్, రొట్టెలు కాల్చే ఆమె బాక్‌స్టర్. కాలక్రమంలో ఆ పనులు మగవారి చేతుల్లోకీ సంఘాల చేతుల్లోకీ వెళ్లాయి, ఆ మాటలు ఇంటిపేర్లై స్థిరపడ్డాయి. స్పిన్‌స్టర్ మాత్రం ఇంటిపేరు కాలేదు. 14వ శతాబ్దంలో విలియం లాంగ్లండ్ తన కావ్యంలో ఆ మాట వాడినప్పుడు దానికి నూలు వడికే స్త్రీ అన్నదే అర్థం.

తర్వాత చట్టం వచ్చింది. 1413లో ఐదవ హెన్రీ ప్రభుత్వం ఒక శాసనం చేసింది. న్యాయస్థానపు పత్రాల్లో మనిషి పేరు పక్కన అతని హోదా లేదా వృత్తి, నివాసం రాసి తీరాలని దాని సారాంశం. ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరి మీద వ్యాజ్యమో తేలడానికి అది అవసరమైంది. మగవాడి పేరు పక్కన రైతు, కమ్మరి, నేతగాడు అని రాశారు. పెళ్లయిన స్త్రీకి భర్త పేరు, భర్త పోయిన స్త్రీకి విధవ అన్న మాట సరిపోయాయి. పెళ్లికాని స్త్రీ పక్కన ఏం రాయాలి? ఆమెలాంటి వారిలో ఎక్కువమంది చేసే పనిని రాశారు. రాయగా రాయగా వృత్తి పేరు కాస్తా స్థితి పేరైంది. 1617లో జాన్ మిన్‌షూ అచ్చువేసిన నిఘంటువు నాటికి, పత్రాల్లో పెళ్లికాని కన్యల పేర్లకు చేర్చే న్యాయపదమని ఈ మాటకు అర్థం చెప్పే స్థితి వచ్చింది. ఆమె జీవితంలో రాట్నం ముట్టినా ముట్టకపోయినా, ఆమె ప్రభువు కూతురైనా, కాగితం మీద స్పిన్‌స్టరే.

మాటలు ఇలా అర్థం మార్చుకోవడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. ఏకు మేకైందని మనం రోజూ అంటాం. ఏకు అంటే ఏమిటో చూసినవారు ఈ సభలో ఎందరుంటారు? దూదినో ఉన్నినో పింజి, వడకడానికి వీలుగా మెత్తని వత్తిలా చుట్టినదే ఏకు. పని పోయినా సామెత మిగిలింది. కానీ స్పిన్‌స్టర్ సంగతి అంత అమాయకమైనది కాదని నా అభిప్రాయం. పని ఇంకా సాగుతూ ఉండగానే, లక్షలమంది ఆ పనితో బతుకుతూ ఉండగానే, మాటలోంచి పని జారిపోయింది. అలా ఎందుకు జరిగిందన్నదే నా ప్రశ్న.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. గొర్రెల ఉన్ని కత్తిరించి, రకాలుగా ఏరి, జిడ్డు పోయేలా కడిగి, ఆరబెట్టి, మళ్లీ కాస్త నూనెనో వెన్ననో పట్టించి, ముళ్ల పలకల మధ్య పింజి ఏకులు చేసేవారు. పొడవు పోగుల ఉన్ని అయితే వేడిచేసిన ఇనుప దువ్వెనలతో దువ్వేవారు. దువ్వే పని మగవారిది, దానికి సంఘం ఉంది, కూలి కూడా మెరుగు. పింజే పని చాలాచోట్ల పిల్లలది. వడికే పని ఆడవారిది. పాత పద్ధతిలో చంకన ఒక కర్రకు ఉన్ని చుట్టి పెట్టుకుని, వేలాడే కదురును తిప్పుతూ వడికేవారు. నడుస్తూ, గొర్రెలు కాస్తూ కూడా ఆ పని చేయవచ్చు. పెద్ద రాట్నం వచ్చాక ఆమె నిలబడింది. కుడిచేత్తో మనిషి నడుమెత్తు చక్రాన్ని తిప్పుతూ, ఎడమచేత్తో ఏకును పట్టుకుని వెనక్కి నడిచేది. పోగు సాగి పురి ఎక్కాక మళ్లీ ముందుకు వచ్చి దాన్ని కదురుకు చుట్టేది. పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా ఆ రాకపోకలే.

ఆ చక్రం ఐరోపాకు తూర్పు నుంచి వచ్చిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 13వ శతాబ్దం చివర జర్మనీలోని స్పేయర్ పట్టణపు వస్త్రవ్యాపారులు ఒక నియమం పెట్టుకున్నారు. చక్రం మీద వడికిన నూలును పేకకు వాడవచ్చు, పడుగుకు వాడరాదని. కొత్త పరికరపు నూలు బలం మీద వారికి నమ్మకం కుదరలేదు. మన దక్కనుకూ ఈ చక్రం చరిత్రలో చోటుంది. మన దేశంలో చరఖా ప్రస్తావన స్పష్టంగా కనిపించే తొలి రచనల్లో ఒకటి 1350లో బహమనీ సుల్తాను నీడన ఇసామీ పూర్తిచేసిన పారశీక చరిత్రకావ్యం. అక్కడ చరఖా పరిశ్రమ సందర్భంలో రాలేదు. ఢిల్లీని ఏలిన రజియా సుల్తానాను నిందిస్తూ, ఆడదానికి సింహాసనం కన్న చరఖా ముందు కూర్చోవడమే తగునన్న భావంతో వచ్చింది. ఈ గడ్డ మీద ఆ పరికరం చరిత్రలోకి అడుగుపెట్టిందే ఒక స్త్రీని ఆమె స్థానంలో కూర్చోబెట్టే మాటగా. ఇది గమనించదగినది.

ఇంగ్లండుకు ఉన్ని ఎంత ముఖ్యమో చెప్పడానికి అక్కడి ప్రభువుల సభలో అధ్యక్షుడు కూర్చునే ఉన్ని మూట ఆసనం ఒక్కటి చాలు. 17వ శతాబ్దమంతా ఆ దేశపు ఎగుమతుల్లో సింహభాగం ఉన్ని వస్త్రాలదే. కంపెనీ ఓడలు మచిలీపట్నం తీరానికి తెచ్చిన సరుకుల్లోనూ ఆ బట్ట ఉండేది. మనవాళ్లు దాన్ని బనాతు అన్నారు. ఈ ఎండల్లో అది పెద్దగా చెల్లలేదన్నది వేరే కథ. ఒక్క మగ్గం ఆగకుండా నడవాలంటే నలుగురి నుంచి పదిమంది దాకా వడికేవారు కావాలి. అంటే నేతగాడి వెనుక, వ్యాపారి వెనుక, ఓడ వెనుక, చివరికి ఆ ఉన్ని మూట ఆసనం వెనుక ఎక్కువ చేతులు వడికేవారివి. నార్విచ్ చుట్టూ, యార్క్‌షైర్ కొండల్లో, ఎక్సెటర్ పరిసరాల్లో, విల్ట్‌షైర్ పల్లెల్లో వ్యాపారి మనుషులు ఇంటింటికీ ఉన్ని పంచి, వారం తర్వాత నూలు చిలపలు తూచి తీసుకువెళ్లేవారు. 1720లలో డేనియల్ డిఫో హాలిఫాక్స్ చుట్టుపక్కల తిరిగినప్పుడు, నాలుగేళ్లు దాటిన పిల్లకు కూడా అక్కడ చేతినిండా పని ఉండడం చూసి సంతోషించాడు. ఆ సంతోషం ఇవాళ మనకు మింగుడుపడదు.

ఈ వడికేవారిలో పెళ్లికాని వారు ఎందరు? 1965లో జాన్ హైనాల్ ప్రచురించిన వ్యాసం ఈ ప్రశ్నకు నేపథ్యాన్ని ఇచ్చింది. పీటర్స్‌బర్గ్ నుంచి ట్రియెస్టే దాకా ఒక గీత గీస్తే, దానికి పడమట ఉన్న ఐరోపాలో స్త్రీలు ఆలస్యంగా, ఇరవైల మధ్యలో పెళ్లి చేసుకునేవారనీ, పదిమందిలో ఒకరో అంతకు మించో జీవితమంతా పెళ్లి లేకుండానే గడిపేవారనీ ఆయన చూపాడు. మన సమాజానికి ఇది ఊహకందని పరిస్థితి. ఇక్కడ ఆ రోజుల్లో పెళ్లికాని ఆడపిల్ల అంటే చిన్నపిల్ల. అక్కడ ఆమె యుక్తవయసు కూలి మనిషి, తల్లిదండ్రులకు ఆసరా, తమ్ముళ్లకు పెద్ద దిక్కు.

ఆమెను చూసి ఏలినవారు భయపడ్డారు. 1563 నాటి పనివారల చట్టం ప్రకారం పన్నెండు నుంచి నలభై ఏళ్ల మధ్య వయసున్న పెళ్లికాని స్త్రీని బలవంతంగా ఎవరింట్లోనైనా పనికి పెట్టే అధికారం స్థానిక అధికారులకు ఉంది. కాదంటే చెర. తన ఉన్ని తాను తెచ్చుకుని, తన గదిలో తాను వడుక్కుని, యజమాని లేకుండా బతికే అమ్మాయిని ‘సొంత చేతి మీద’ బతికేదని అధికారులు రాసుకున్నారు. చేతి పనితో బతకడం నేరాల పట్టికలోకి ఎక్కడం నన్ను ఇప్పటికీ విస్మయపరుస్తుంది. అయినా అలా బతికినవారు ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ఒంటరి స్త్రీలు కలిసి ఒకే గది అద్దెకు తీసుకుని, ఒకే పొయ్యి, ఒకే కొవ్వొత్తి పంచుకుని, ఒకరు వడుకుతుంటే ఇంకొకరు పింజుతూ గడిపిన కాపురాలను చరిత్రకారిణి ఓల్వెన్ హఫ్టన్ 1984లో వెలుగులోకి తెచ్చారు. ఆ కొవ్వొత్తి ఖర్చు చిన్నది కాదు. చలికాలంలో నాలుగింటికే చీకటి పడే దేశంలో, దీపం పెట్టుకుని వడికిన నూలుకు వచ్చే కూలిలోంచి దీపం ఖరీదు తీసివేస్తే ఏం మిగులుతుందో ఆ స్త్రీలకు తెలుసు.

ఇక్కడ మన శాస్త్రగ్రంథం ఒకటి గుర్తుకు వస్తుంది. 1909లో శామశాస్త్రి గారు మైసూరులో అచ్చువేసిన కౌటిలీయ అర్థశాస్త్రంలో నూలు శాఖాధికారి విధుల మీద ఒక అధ్యాయం ఉంది. ఉన్ని, నార, పత్తి ఎవరి చేత వడికించాలో అక్కడ పట్టిక ఉంది. విధవలు, అంగవైకల్యం ఉన్న స్త్రీలు, కన్యలు, ఇల్లు విడిచిన సన్యాసినులు, జరిమానాను పనితో తీర్చుకునేవారు, ముసలివారైన రాజదాసీలు, గుడి సేవ ముగిసిన దేవదాసీలు. ఆ పట్టికలో భర్త నీడన ఉన్న స్త్రీ పేరు లేదు. గడప దాటని స్త్రీలకు దాసీల ద్వారా ఉన్ని పంపమంటుంది. తెల్లవారుజామున నూలుశాలకు వచ్చే స్త్రీ ముఖం వంక చూసినా, పనికి సంబంధం లేని మాట మాట్లాడినా అధికారికి జరిమానా. కూలి ఆలస్యం చేస్తే అంతకన్న పెద్ద జరిమానా. కూలి తీసుకుని పని ఎగ్గొట్టిన స్త్రీకి మాత్రం బొటనవేలికి శిక్ష. వడకడానికి ముఖ్యంగా కావలసినది ఆ వేలే. ఆ క్రౌర్యాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఒక తేడా చూడండి. ఆ గ్రంథానికి వడికే స్త్రీ ఎవరో తెలుసు. ఆమెకు అండ లేదని తెలుసు, కూలే ఆధారమని తెలుసు. నూలు సన్నదనాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి కూలి కట్టమంటుంది. ఇంగ్లండు వ్యాపారి లెక్కల పుస్తకం మాత్రం ఆమెను వేరే మనిషిగా ఊహించుకున్నది.

ఆ ఊహను మొదట పట్టి చూపించినది ఆలిస్ క్లార్క్. సోమర్‌సెట్‌లో చెప్పుల వ్యాపారం చేసే క్వేకర్ కుటుంబంలో 1874లో పుట్టారు. ఆ సంస్థ నిర్వాహకుల్లో ఒకరుగా పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. లండన్‌లో పరిశోధక వేతనం మీద చదివి, 17వ శతాబ్దపు స్త్రీల శ్రమజీవితం మీద 1919లో ఆమె వెలువరించిన గ్రంథాన్ని మా మేడమ్ తరగతికి చేతిలో పట్టుకుని వచ్చేవారు. ఉన్ని వడికితే వచ్చే కూలి ఒంటరి స్త్రీ తన ఒక్క పొట్ట పోసుకోవడానికి ఎలాగో సరిపోతుంది కానీ, పిల్లలనో తల్లిదండ్రులనో సాకడానికి చాలదని క్లార్క్ లెక్కలు కట్టి చూపారు. అసలా కూలిని ఎవరినో సాకవలసిన మనిషికి ఇచ్చే కూలిగా నిర్ణయించనే లేదు. రైతు ఇల్లాలు తీరిక వేళ వడికిన నూలుకు ఎంత ఇస్తే చాలునో, అదే అందరికీ ధర. ఇల్లాలికి పొలం ఉంది, ఆవు ఉంది, భర్త కూలి ఉంది. అదే ధరకు పగలంతా నిలబడి వడికిన ఒంటరి అక్కకు ఆ మూడూ లేవు. 1770 ప్రాంతంలో ఆర్థర్ యంగ్ ఊరూరా తిరిగి సేకరించిన వివరాల్లో వడికే స్త్రీకి చాలాచోట్ల రోజుకు నాలుగు నుంచి ఆరు పెన్నీలు కనిపిస్తాయి. వ్యవసాయ కూలికి పన్నెండు పెన్నీల షిల్లింగు, అంతకు కాస్త పైన.

ఈ కూలి మీద ఇటీవల పెద్ద చర్చ నడిచింది. బ్రిటన్‌లో కూలి ఖరీదు కనుకనే వడికే యంత్రాలు అక్కడ పుట్టాయని 2009లో రాబర్ట్ అలెన్ వాదించారు. వడికేవారి సంపాదన మనం అనుకున్నదానికన్న మెరుగేనని 2012లో క్రెయిగ్ మల్‌డ్రూ రాశారు. 2019లో జేన్ హంఫ్రీస్, బెంజమిన్ ష్నైడర్ వేల కొద్దీ కూలి వివరాలు కూర్చి, చాలామందికి దక్కినది స్వల్పమేననీ, ఖరీదైన కూలి అన్న వాదన వడికేవారి విషయంలో నిలవదనీ చెప్పారు. నాకు మూడో వాదమే బలంగా తోస్తుంది. ఎందుకంటే పగలంతా వడికే మనిషిని లెక్కలోకి తీసుకోకుండా వేసే సగటు, ఇల్లాలి తీరిక వేళను కొలమానం చేసుకున్న వ్యాపారి తప్పునే తిరిగి చేస్తుంది. ఏ వాదం గెలిచినా ఒక విషయం మిగులుతుంది. పారిశ్రామిక విప్లవం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ పండితులు చివరికి తలుపు తట్టినది ఈ స్త్రీల ఇంటినే.

కూలి తక్కువైనప్పుడు మనిషి చిలపలో నాలుగు చుట్లు తక్కువ చుడుతుంది. 1777లో పార్లమెంటు ఒక చట్టం చేసి, యార్క్‌షైర్, లాంకషైర్, చెషైర్‌లలో ఉన్ని యజమానుల సంఘానికి తనిఖీదారులను పెట్టుకునే అధికారం ఇచ్చింది. కొలత తగ్గిన చిలప పట్టుబడితే వడికిన స్త్రీకి శిక్ష. తూకంలో ఆమెకు జరిగిన మోసానికి అలాంటి తనిఖీదారు లేడు.

యంత్రం గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, అది మీకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటి యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్. పాఠ్యపుస్తకాలు చెప్పనిది ఇళ్లలో ఏం జరిగిందన్నది. 1776లో సోమర్‌సెట్‌లోని షెప్టన్ మాలెట్‌లో జెన్నీల మీద జనం తిరగబడ్డారు. 1788లో లెస్టర్ పట్టణంలోనూ జిల్లాలోనూ వడికే పేదల తరఫున ఒక విజ్ఞాపన అచ్చయింది. తక్కువలో తక్కువ లెక్కవేసినా తాము 18,500 మందిమని అందులో చెప్పుకున్నారు. 1795లో డేవిడ్ డేవిస్ అనే గ్రామ పురోహితుడు తన ఊరి కూలి కుటుంబాల జమాఖర్చులు అచ్చువేశాడు. వాటిని చదివితే, రొట్టె ధర పెరుగుతున్న రోజుల్లోనే వడికే ఆదాయం ఇంటి లెక్కలోంచి కరిగిపోవడం కనిపిస్తుంది. భర్త ఉన్న ఇంట్లో అది లోటు. ఆడపిల్ల రాట్నమే ఆధారమైన ఇంట్లో అది పూర్తిగా చేతులెత్తేయడం.

పని పోయాక మాట ఒంటరిగా మిగిలింది, దాని మీద రాళ్లు పడడం అప్పుడు సులువైంది. నిజానికి పని ఉన్న రోజుల్లోనే, 1713 నాటికే, ముదిరిన కన్యల మీద వెక్కిరింతగా ఒక చిన్న పుస్తకం వెలువడింది. 1862లో డబ్ల్యూ. ఆర్. గ్రెగ్ అనే పెద్దమనిషి, పెళ్లికాని స్త్రీలు దేశానికి మిగులుగా తయారయ్యారని, లక్షలమందిని వలసదేశాలకు ఓడలెక్కించి పంపాలని వ్యాసం రాశాడు. నూరేళ్ల కిందట అదే దేశపు ఎగుమతి వస్త్రంలో ఎన్నో పోగులు అలాంటి స్త్రీల వేళ్ల మధ్యనుంచి సాగినవే. తనను తాను పోషించుకున్నంత కాలం ఆమె పేరు వృత్తిది. పోషించుకునే దారి మూసేశాక ఆమె పేరు లోపానిది.

మన దేశంలో ఈ ధర ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న సందర్భం ఒకటి ఉంది. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం తొలి పదేళ్లూ ఖద్దరు చవకగా అమ్ముడుపోవాలన్న చింతతోనే నడిచింది. వడకడం తీరిక వేళ పని కదా, నాలుగు డబ్బులైనా అదనమే కదా అన్నదే అక్కడా వాదన. 1935లో గాంధీ ఆ వాదనను తానే తిప్పికొట్టి, వడికే స్త్రీకి తిండికీ బట్టకూ చాలే కూలి ఇవ్వాలని పట్టుబట్టారు. ఖద్దరు ధర పెరిగి అమ్మకాలు పడిపోతాయని కార్యకర్తలు హెచ్చరించినా వెనక్కి తగ్గలేదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్నని నూలు తీసే స్త్రీల విషయంలోనూ, దక్కను నల్ల గొర్రెల ఉన్నిని వడికి గొంగడికి నూలు సిద్ధం చేసే తెలంగాణ కురుమ స్త్రీల విషయంలోనూ ఆ ప్రశ్న ఇవాళ్టికీ తీరినట్టు నాకు కనిపించదు. గొంగడి నేసినది ఎవరని అడిగితే మగ్గం మీద కూర్చున్న మనిషిని చూపిస్తారు.

చివరిగా ఒక పుస్తకం గురించి. 1837లో ఇంగ్లండు, వేల్స్‌లలో వివాహాల నమోదుకు ప్రభుత్వం ఒకే తీరు పుస్తకాలు ప్రవేశపెట్టింది. వధూవరుల పేరు, వయసు, స్థితి, హోదా లేదా వృత్తి, నివాసం, తండ్రి పేరు, తండ్రి వృత్తి అని వరుసగా గడులు. తల్లి పేరుకు గడి లేదు, అది రావడానికి 2021 దాకా పట్టింది. స్థితి గడిలో వధువుకు స్పిన్‌స్టర్ అని రాసే ఆచారం 2005 డిసెంబరు దాకా కొనసాగి, అప్పుడు పౌర భాగస్వామ్య చట్టంతో ఆగింది. మా మేడమ్ ఒకసారి అలాంటి పాత పుట నకలు ఒకటి తరగతిలో చేతికిచ్చి, వధువు వరుసను మాత్రమే పైకి చదవమన్నారు. నేను చదివాను. పేరు ఉంది. వయసు ఉంది. స్థితి గడిలో నూలు వడికే స్త్రీ అని అర్థం వచ్చే ఆ పాత మాట ఉంది. దాని పక్కనే ఉన్న వృత్తి గడిలో, గుమాస్తా చేతి సిరాతో, అడ్డంగా ఒక గీత ఉంది.